బోర్డు లేని రెండు గదులకు నాలుగు స్టార్లు

నాది కుట్టుమిషన్ బతుకు. వరంగల్‌ల కరీమాబాద్ దిక్కు చిన్న షాపు. పోయినేడు ఒక కస్టమరమ్మ నా షాపుకు ఫోన్ల రెండు స్టార్లు పెట్టి, "జాకెట్ చంక కాడ పట్టేసింది, పైపింగ్ వంకర" అని రాసింది. నాలుగు దినాలు నిద్ర పట్టలే. కానీ తీసి చూస్తే పైపింగ్ వంకరనే ఉన్నది. అందుకే నేను రాసేటప్పుడు గూడ మంచిని మంచిగ, వంకరను వంకరగ రాస్త.

నేను రాసే జాగకు బోర్డు లేదు. ఉంటే మాలాంటోళ్ళం ఆ మెట్లు ఎక్కం గనక వాళ్ళే పెట్టలే. పేరు గూడ రాయొద్దన్నరు, రాయ. హన్మకొండల నక్కలగుట్ట కాడ బస్సు దిగి నడిచి పోయేంత దూరంల ఓ పాత ఇల్లు. కింద ఒక కుటుంబం ఉంటది, మేడ మీద రెండు గదులు మావి. నెలకు రెండు శనివారాలు, పగటీలి రెండు గంటల నుంచి అయిదు దాక. హెచ్‌ఐవీ ఉండి, దాంతోని మనసు గూడ చెదిరిపోయినోళ్ళు వస్తరు. అక్కడ మందులియ్యరు, పరీక్షలు చెయ్యరు. దేవుని సంగతి, చావు సంగతి, పాపం సంగతి, రాత్రి పూట తలకాయల తిరిగే సంగతులు మాట్లాడుకోవచ్చు. ఆధ్యాత్మిక సహాయం అని వాళ్ళంటరు. మేమైతే "శనివారం పోతున్న" అంటం, అంతే.

పైసలు తీస్కోరు. అటక మీద ఒక రేకు డబ్బా ఉంటది. ఎవరేసిండ్రో, ఎవరెయ్యలేదో చూసేటోళ్ళు లేరు. 2023 డిసెంబర్ల ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయినంక నేను మిగిలిన చార్జీ పైసలు అండ్ల ఏస్తున్న.

నడిపేది ముగ్గురు. ఒక సిస్టరమ్మ, కాజీపేట దిక్కు కాన్వెంట్ల ఉంటది. ఒక రిటైరయిన స్టాఫ్ నర్సు, ఆమెను మేం నర్సమ్మ అంటం. మూడో ఆయన ఒగ్గు కథ చెప్పి బతికిన పెద్దమనిషి. మల్లన్న భక్తుడు, నుదుటికి బండారి లేకుంట బయటికి రాడు. ఆయనకు గూడ మా జబ్బే, నాకంటే ముందు నుంచి. మేం తాత అంటం.

2019ల మొదటిసారి పోయిన్నాడు నేను చేసిన పని చెప్తే నవ్వుతరేమో. ట్రేల చాయ్ తెచ్చిన్రు. పది స్టీలు గ్లాసులు. ఒకటి తీస్కోని, చాయ్ తొణకకుంట పైకెత్తి అడుగు చూసిన. మా అత్తగారింట్ల నా గ్లాసు అడుగుకు ఎర్ర గోళ్ళరంగు చుక్క ఉండేది. కడిగేటప్పుడు కలవకుంట. తొమ్మిది నెలలు ఆ చుక్క గ్లాసుల తాగిన. ఇక్కడ గ్లాసుకు చుక్క లేదు. పక్క గ్లాసు అడుగు గూడ చూసిన. సిస్టరమ్మ నన్ను చూసుకుంటనే ఉన్నది, ఏమీ అడగలే. నేను పెట్టేసిన గ్లాసు తీస్కోని చాయ్ తాగింది. చాయ్‌ల చక్కెర మాత్రం మస్తు ఎక్కువ. మాలో షుగర్ ఉన్నోళ్ళు అయిదారుగురు ఉన్నరు. ఆరేండ్ల నుంచి చెప్తున్న, ఇంకా ఎక్కువే ఏస్తున్నరు.

చాయ్ అయినంక మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. మొదట్ల నాకు పిచ్చి లేసినట్టు అయ్యేది. కిందింటోళ్ళ కుక్కర్ విజిళ్ళు లెక్కపెట్టుకుంట కూసునేదాన్ని. శనివారం పప్పు అనుకుంట, నాలుగు విజిళ్ళు. ఒకామె తస్బీ తిప్పుతది, ఒకాయన కండ్లు మూసుకోని సిలువ గుర్తు ఏసుకుంటడు, తాత ఊకెనే కిటికీ దిక్కు చూస్తడు. దేవుణ్ణి నమ్మని పిలగాడు ఒకడున్నడు, వాడు గోళ్ళు కొరుకుతడు. ఎవరినీ ఏమీ అనరు. 2020ల లాక్‌డౌన్‌ల శనివారం రెండింటికి అందరిని ఒకే ఫోన్ల కలిపి, ఆ పది నిమిషాల మౌనం ఫోన్ల గూడ నడిపిచ్చిన్రు. ఎవరింట్ల కుక్కరో గుర్తుపట్టుడు మాకు ఆటయింది.

ఇగ నేను ఎందుకు పోయిన్నో చెప్పాలె.

మా ఆయన 2013ల పోయిండు. ఆయన పోయినంకనే నాకు పరీక్ష చేసిన్రు. సీడీ4, అంటే రోగాలతోని కొట్లాడే రక్తకణాల లెక్క, నూట ఎనభై ఏడు. అప్పుడు 350కి తగ్గితేనే మందులు మొదలుపెట్టేది. పాజిటివ్ అని తేలిన అందరికీ ఎంబటే ఇచ్చుడు 2017ల వచ్చింది. నాకు ఎట్లాగూ తక్కువే గనక రాత్రికొక గోలీ ఇచ్చిన్రు. నెల తిరగకముందే కలలు పట్టినయ్. రోజూ ఒకే కల. మా ఆయన కడప కాడ నిలబడి, "అంగీ గుండీ ఊడింది, కుట్టు" అంటడు. నేను సూది దేవులాడుత. నా షాపుల, నా డబ్బాల, నా చేతులతోని పెట్టుకున్న సూది దొరకదు. లేచేసరికి ఒళ్ళంత చెమట, తల తిరుగుడు, గోడ పట్టుకోని నడుసుడు.

అత్త గాలి సోకిందన్నది. ఒకాయన నిమ్మకాయలు, వేపమండలతోని దిగదీసి అయిదు వేలు తీస్కున్నడు. ఇంకో దిక్కు ప్రార్థనకు పోతే దయ్యం అన్నరు, తల మీద చెయ్యి పెట్టి గట్టిగ ఊపిన్రు, మెడ పట్టింది. ఆరేండ్లు నేను గూడ నమ్మిన, మొగడు దయ్యమై తిరుగుతున్నడని.

నర్సమ్మ ఇదంత ఇని అడిగిన మొదటి మాట: "రాత్రి ఏ గోలీ ఏసుకుంటున్నవ్ బిడ్డా?"

డబ్బా తీసి చూపిచ్చిన. అండ్ల ఎఫావిరెంజ్ అని ఒక మందు కలిసి ఉంటదంట. జబ్బుకు మంచిగనే పని చేస్తది గని, కొందరికి తల తిప్పుతది, కండ్లకు కట్టినట్టు కలలు తెస్తది, మనసు ముందే బాగ లేనోళ్ళకు ఇంక కుంగదీస్తది. నూనె తిండి తిని ఎంబటే ఏసుకుంటే ఎక్కువైతది, పండుకునే ముందు ఏసుకో, సొంతంగ మాత్రం బంద్ చెయ్యకు, డాక్టరుకు చెప్పు అన్నది. నేను రోజూ రాత్రి మిర్చి బజ్జీలు తిని ఏసుకుంటున్న! ఆరేండ్ల దయ్యం ఒక కాగితం మీద మందు పేరై కనబడ్డది. నవ్వొచ్చింది, అయిదు వేలు యాదికొచ్చి ఏడుపు గూడ వచ్చింది.

ఇక్కడ దాక అయితే ఇది మంచి ఆస్పత్రికి రాసే రివ్యూ అయ్యేది. నాకు ఆ జాగ నచ్చింది దాని తర్వాత జరిగిన దానికి. నర్సమ్మ చెప్పుడు అయినంక సిస్టరమ్మ తన కుర్చీ జర ముందుకు జరుపుకోని, "గోలీ కల తెచ్చింది సరే. గుండీ కుట్టు అని ఎందుకంటున్నడంటవ్?" అని అడిగింది. ఆరేండ్లల ఎవరూ అడగలే. దయ్యం అన్నోళ్ళకు దయ్యం చాలు, గోలీ అన్నోళ్ళకు గోలీ చాలు. కల నాదాయె, దాన్ని నేనేం చేసుకోవాలె?

ఆయన మీద నాకున్నది కోపం. జబ్బు తెచ్చినందుకు కాదు, చెప్పనందుకు. ఆయనకు ముందే తెల్సు, కాగితం బీరువాల దొరికింది. దేవుని మీద గూడ కోపమే. దీపం పెట్టుడు మానేసిన. బతుకమ్మ కాడికి రావొద్దని అత్తగారు అనకముందే నేనే మానుకున్న. ఇదంత చెప్పి, "దేవునితోని మాట్లాడితే తిట్లే వస్తయ్ సిస్టరమ్మా" అన్న. "తిట్టు" అన్నది. "రోజూ తిట్టు. పలుకుడు మాత్రం బంద్ పెట్టకు." నేను తిట్టిన. నెల రోజులు పొద్దున లేచి మిషన్ మీద కూసోని తిట్టిన. కన్యస్త్రీ చెప్పిందని మల్లన్నను తిట్టుడు ఏందో అని నాకే నవ్వొచ్చేది.

వేరే జాగలల్ల "క్షమించమ్మా, క్షమిస్తే నీకే మంచిది" అంటరు. చచ్చినోణ్ణి క్షమించుడు సులువని వాళ్ళ ఆలోచన. ఇక్కడ ఆ మాట నేను ఒక్కసారి గూడ ఇనలే. పెత్రమాస వచ్చినప్పుడు తాత అడిగిండు, "నీ పెనిమిటి పేర బియ్యం ఇస్తున్నవా?" అని. ఇయ్యబుద్ధి కాదన్న. "కాకుంటే ఇయ్యకు" అని బీడీ ముట్టిచ్చుకోని బయటికి పోయిండు. ఏదో చెప్తడని ఎదురుచూసిన, ఏం లేదు.

2021ల నా మందు మార్చిన్రు. కొత్త గోలీల ఎఫావిరెంజ్ తీసేసి డోలుటెగ్రావిర్ కలిపిన్రు. కలలు నిలిచిపోయినయ్. మొగడు గూడ వచ్చుడు మానేసిండు. ఉన్నదున్నట్టు చెప్త, కొన్ని దినాలు ఇల్లు బోసిగ అనిపిచ్చింది. ఆ ముచ్చట నవ్వకుంట ఇనేటోళ్ళు నాకు ఆ గదిల తప్ప దొరకరు. తర్వాతి పెత్రమాసకు బియ్యం ఇయ్యలే గని ఒక అంగీ కుట్టిన. కొలతలు చూసుకునే పని పడలే, ఛాతి ముప్పై ఆరు, చేతులు యాదికే ఉన్నయ్. గుండీలు రెండేసి సార్లు తిప్పి కుట్టిన. కోపం తగ్గిందా అంటే తగ్గలే. అంగీ తాతకిచ్చిన. ఆయనకు భుజాల కాడ వదులైంది.

ఇప్పుడు ఇంకొకామె సంగతి. ఆమెను అడిగి, ఊరు రాయకుంట రాస్తున్న. ఏడాదికోసారి మాకు వైరల్ లోడ్ పరీక్ష చేస్తరు. మందులు సరిగ్గ వాడితే రక్తంల పురుగు పరీక్షకు అందనంత తక్కువైతది, కాగితం మీద కనబడలేదని వస్తది. ఆమె కాగితం చూసి ఒక ప్రార్థనాయన అద్భుతం జరిగిందన్నడు. మైకు ముందట నిలబెట్టి సాక్ష్యం చెప్పిచ్చిన్రు. ఆమె గోలీలు బంద్ చేసింది. ఏడు నెలలకు టీబీతోని, నలుగురు మోసుకొస్తే మెట్లెక్కింది. ఆ దినం నర్సమ్మ కోపం చూడాలె. ఆమె మీద కాదు. "కనబడకపోతే పోయినట్టా? దొంగ మంచం కింద దాక్కున్నడు, గోలీ వాకిట్ల కావలి కూసున్నది. కావలిని పొమ్మంటే?" అని గోడతోని కొట్లాడినట్టు మాట్లాడింది. అట్లనే అదే నోటితోని ఇంకో మాట గూడ చెప్పింది, చానమందికి తెల్వదు: అట్ల కనబడకుంట ఉంచుకున్నోళ్ళ నుంచి, గోలీ తప్పకుంట ఏసుకున్నంత కాలం, కలయిక వల్ల ఎదుటోళ్ళకు అంటదు. పెండ్లి చేసుకుందామా వద్దా అని కుములుతున్న జంట ఒకటి ఆ దినం మూలకు కూసోని ఉన్నది. వాళ్ళ మొఖాలు నేను చూసిన.

సిస్టరమ్మ ఆ టీబీ అక్కకు ప్రార్థన వద్దని చెప్పలే. ఆస్పత్రి మంచం పక్కన కూసోని ఆమెతోని కలిసి ప్రార్థన చేసింది. కాకపోతే అంతకు ముందు, "పొద్దుటి గోలీ ఏసుకున్నవా?" అని అడిగి, నోట్ల ఏసుకున్నంకనే మొదలుపెట్టేది. రంజాన్‌ల మా తస్బీ ఆమె అడిగితే, దినానికి ఒక్కటే గోలీ గదా, రోజా ఇడిసినంక ఒకే టైముకు ఏసుకో, ఐరన్ గోలీ, గ్యాస్ మందు దాంతోని కలపకు, డాక్టర్ను ఒక మాట అడుగు అని నర్సమ్మ చెప్పింది. ఎవరి దేవుణ్ణీ ఎవరూ కదిలియ్యరు.

మా అమ్మ మొక్కు గురించి గూడ చెప్పాలె. 2014 జాతరల నేను బతికితే నిలువెత్తు బంగారం ఇస్తనని మేడారంల సమ్మక్కకు మొక్కింది. అప్పుడు నేను ముప్పై ఎనిమిది కిలోలు. అప్పులు, ఆరోగ్యం, ఏదో ఒకటి అడ్డమొచ్చి 2024ల తీర్చినం. అప్పటికి కొత్త మందుతోని అరవై ఒక్క కిలోలైన. మేడారంల బంగారం అంటే బెల్లమే గని, అరవై ఒక్క కిలోల బెల్లం! కాంటా మీద నన్ను చూసి మా అమ్మ, "అమ్మ దయ గింత బరువుంటదనుకోలే" అన్నది. శనివారం చెప్తే తాత కింద పడి నవ్విండు.

మనసు మందుల ముచ్చటకొస్త. 2022 వానకాలం మా కొడుకు డిగ్రీకి హైదరాబాద్ పోయినంక నాకు తిండి పోలే. షాపు తీసుడు మానేసిన. ఆ శనివారం నర్సమ్మ ఒక కాగితం తీసింది. రెండు వారాల సంగతి మీద తొమ్మిది ప్రశ్నలు: నిద్ర ఎట్లున్నది, పని మీద మనసు పోతున్నదా, అట్ల. తొమ్మిదోది చావు గురించి. మెత్తగ చుట్టి అడగలే, సూటిగనే అడిగింది, "సచ్చిపోతే బాగుండు అనిపిస్తున్నదా?" అని. అవునన్న. ఆమె మొఖం మారలే. నేను సిస్టరమ్మను ప్రార్థన చెయ్యమన్న. "చేద్దాం. ముందుగాల డాక్టర్" అన్నది. ఆ రెండు రాత్రులు నన్ను ఒక్కదాన్ని ఉంచలే, నర్సమ్మ ఇంట్లనే పండుకున్న. సోమవారం మనసు డాక్టర్ కాడికి తనే తోల్కపోయింది, నా హెచ్‌ఐవీ గోలీల పేర్లు రాసుకోని మరీ. కొత్త గోలీ గుణం తెల్వనీకి రెండు మూడు వారాలు పడుతదని డాక్టర్ ముందే చెప్పిండు, అట్లనే అయింది. ఆ తర్వాత గోడ మీద రెండు నంబర్లు పెద్దగ రాసిపెట్టిన్రు. మనసు బాగలేకుంటే 14416, టెలిమానస్, రాత్రి పగలు తెలుగుల మాట్లాడుతరు. హెచ్‌ఐవీ సంగతులకు 1097. రెండిటికీ పైసలు పడవు.

ఇగ వంకరలు.

లోపలి గదిల ఒక్కొక్కరితోని విడిగ మాట్లాడుతరు. ఆ గదికి తలుపు లేదు, పల్చటి కర్టెన్. 2017ల చేసిన చట్టం గురించి మాకు చెప్పింది వీళ్ళే: మన జబ్బు సంగతి మన ఒప్పుదల లేకుంట ఎవరికీ చెప్పొద్దు, పనిల నుంచి తీసెయ్యొద్దు, ఉంటున్న ఇంట్ల నుంచి ఎల్లగొట్టొద్దు. అమలుకు వచ్చింది 2018 సెప్టెంబర్ 10న. అత్తగారింట్ల నుంచి నన్ను ఎల్లగొట్టిన అయిదేండ్లకు. అంత మంచిగ చట్టం చెప్పి, కర్టెన్ మాత్రం చీరె అంత పల్చగ. ఇవుతల కూసున్నోళ్ళకు ప్రతి ముక్క ఇనబడేది. పింఛను కాడ హెచ్‌ఐవీ లిస్టుల పేరు రావొద్దని, అదే రెండు వేల పదహారు రూపాయలకు వితంతు పింఛనే ఉంచుకున్న మనిషిని నేను. నాకు ఎట్లుంటది? నేనే రెండు పొరల గుడ్డ లోపల లైనింగ్ ఏసి కొత్త కర్టెన్ కుట్టిచ్చిన. ఇప్పుడు నయం. కానీ ఏడుపు మాత్రం ఇంకా ఇనబడుతది. దానికి తలుపే కావాలె.

రెండోది, ఒకసారి బయటి నుంచి ఒక పెద్దమనిషిని ఉపన్యాసానికి పిలిచిన్రు. ఆయన గంటసేపు పూర్వజన్మ పాపం అన్నడు. మా ముందట నిలబడి. గోళ్ళు కొరికే పిలగాని దోస్తు ఒకడు అప్పుడే కొత్తగ వచ్చిండు, మధ్యల లేసిపోయిండు. మళ్ళ రాలే. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలే. తర్వాతి శనివారం సిస్టరమ్మ మౌనానికి ముందే, "తప్పు మాది, ఎవరిని పిలుస్తున్నమో చూసుకోలే" అన్నది. ఆ తర్వాత ఎవరినీ పిలవలే. ఒప్పుకున్నందుకు సంతోషమే. ఆ పిలగాడు మాత్రం రాలే గదా. ఒక స్టార్‌ల సగం దీనికి కోసిన.

మిగతా సగం మెట్లకు. పందొమ్మిది మెట్లు, రేలింగ్ లేదు. వానకాలం నాచు పడుతది. మోకాళ్ళ నొప్పులోళ్ళు, టీబీ నుంచి లేచినోళ్ళు వచ్చే జాగ అది. ఎక్కలేనోళ్ళు కింద నిలబడి పిలిస్తే చాయ్ కిందికే వస్తది, సిస్టరమ్మ గూడ కిందికే వచ్చి మెట్టు మీద కూసుంటది. కానీ గల్లీల నిలబడి మా ముచ్చట్లు ఎట్ల చెప్పుకుంటం?

పోవాలనుకున్నోళ్ళు హెచ్‌ఐవీ మందులిచ్చే మీ ఏఆర్‌టీ సెంటర్ల కౌన్సిలర్ను మెల్లగ అడగండి. మీ నంబర్ మీరు ఇస్తేనే వాళ్ళు ఫోన్ చేస్తరు. మొదటిసారి పది నిమిషాలు ముందే పోండి, కిటికీ పక్క కుర్చీ దొరుకుతది. చక్కెర తక్కువ అని చాయ్ పోసేటప్పుడే చెప్పండి.

ఇంటి ఓనరు దసరాకు రేలింగ్ పెట్టిస్త అన్నడంట. పెట్టిస్తే ఆ అర స్టార్ కలిపి మళ్ళ రాస్త.